గడియారం ఆగినా గొంతు ఆగలేదు: ఇస్రో ఛైర్మన్ గారికి విశాఖ జెట్టీ నుంచి ఒక ఉత్తరం

ఇస్రో ఛైర్మన్, అంతరిక్ష శాఖ కార్యదర్శి డాక్టర్ వి. నారాయణన్ గారికి,

అయ్యా, నమస్కారం.

నేను శాస్త్రవేత్తను కాను. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఎక్కడుందో తెర మీద చూపే జీపీఎస్ ప్లాటర్లు, లోతు చూపే ఎకోసౌండర్లు, వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తూ ముప్పయ్యేళ్లకు దగ్గరపడినవాణ్ణి. ఉప్పుగాలికి తుప్పు పట్టిన పిన్నులు గీకడం, తడిసిన బోర్డులు ఆరబెట్టడం, చెరిగిపోయిన పాయింట్లు మళ్లీ ఎక్కించడం నా పని. పాయింటు అంటే మా దగ్గర వేట బాగా పడిన చోటు, లేదా అడుగున వల చింపే రాయి ఉన్న చోటు. బోటు నడిపే ప్రతి సరంగు దగ్గరా ఆ అంకెలు రాసుకున్న నోటుబుక్కు ఒకటి ఉంటుంది. సొంత తమ్ముడికి కూడా చూపించడు. నాకు మాత్రం చూపించక తప్పదు, మిషను చచ్చిపోతే వాటిని తిరిగి ఎక్కించేది నేనే కదా. ఒకడి పాయింటు ఇంకొకడికి చెప్పకపోవడం మీదే నా దుకాణం నడుస్తోంది.

నావిక్‌ను, అంటే జీపీఎస్‌లాగా ఉపగ్రహాలతో చోటు చెప్పే మన సొంత వ్యవస్థను, మన సరిహద్దుల అవతలికి, చివరికి ప్రపంచమంతటికీ విస్తరించాలన్న ఆలోచన మీ శాఖలో కొన్నేళ్లుగా ఉంది. 2021లో ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసిన ఉపగ్రహ నావిగేషన్ విధానం ముసాయిదాలో ఆ మాట ఉంది. అభిప్రాయాలు చెప్పమని అప్పుడే అడిగారు. నేను ఆలస్యంగా చెబుతున్నాను. మా హార్బర్‌కు ఏ కబురైనా కాస్త ఆలస్యంగానే వస్తుంది.

ఈ పనిలోకి దిగిన కొత్తలో జెట్టీలో ఒక వింత చూసేవాణ్ణి. మోకులతో బిగించి కట్టిన బోటు తెర మీద మాత్రం నడిచేది. కాసేపు జెట్టీ గట్టెక్కేది, కాసేపు చానల్ మధ్యకు వెళ్లేది. మిషను పాడైందనుకుని విప్పి చూసేవాణ్ణి. తప్పు మిషనుది కాదు. జీపీఎస్ అమెరికాది. తన సైన్యానికి కాక మామూలు జనానికిచ్చే సిగ్నల్‌లో అమెరికా కావాలనే కల్తీ కలిపేది. దానివల్ల వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 2న, మన టైము ప్రకారం ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో, క్లింటన్ ప్రభుత్వం ఆ కల్తీని ఆపేసింది. ఆ రోజు నుంచి కట్టిన బోటు కట్టినట్టే ఉంది. నేను ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు. సరంగులు అది నా పనితనమే అనుకుని మెచ్చుకున్నారు. నేనూ కాదనలేదు.

వాషింగ్టన్‌లో ఎవరో మీట నొక్కితే విశాఖ జెట్టీలో కట్టిన బోటు కదులుతుంది, ఇంకో మీట నొక్కితే ఆగుతుంది. మనకంటూ ఒక వ్యవస్థ ఉండాలనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కార్గిల్ యుద్ధంలో జీపీఎస్ వివరాలు మనకు ఇవ్వలేదన్న కథ నావిక్ గురించిన ప్రతి ప్రసంగంలోనూ వింటూనే ఉన్నాం. ఆ కథ నాకు రెండోవైపు నుంచి కూడా వినబడుతుంది. రేపు మన సిగ్నల్ మారిషస్ మీదో ఒమన్ మీదో పడితే, అక్కడి సరంగు మనల్ని అడిగేది కూడా ఆ ప్రశ్నే. ‘మీకు మా మీద కోపం వస్తే ఆపేయరని ఏం నమ్మకం?’ 2007లో అమెరికా, కొత్త తరం జీపీఎస్ ఉపగ్రహాల్లో ఆ కల్తీ కలిపే ఏర్పాటే ఉండబోదని ప్రకటించింది. ఇరవై ఏళ్లకు పైగా వాడుకలో ఉన్న వ్యవస్థ కూడా అలా మాట ఇవ్వాల్సి వచ్చింది. మనం ఇచ్చే మాట ఏమిటి? విస్తరణ గురించి చదువుతున్నప్పుడల్లా ఎన్ని ఉపగ్రహాలు, ఏ కక్ష్య, ఎన్ని కోట్లు అన్నవి కనబడతాయి గానీ ఈ ప్రశ్నకు జవాబు నాకు ఎదురుపడలేదు.

మా పెద్దవాళ్లకు ప్లాటర్లు లేవు. కొండలే వాళ్ల ప్లాటర్లు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన యారాడ కొండ, దాని మీది లైట్‌హౌసు, వెనకాల సింహాచలం కొండలు, ఇటు కైలాసగిరి. ఈ కొండా ఆ కొండా ఒక సూటిలోకి వచ్చాయా, అటువైపు రెండూ ఒక సూటిలోకి వచ్చాయా అని చూసుకునేవారు. రెండు సూట్లూ కలిసిన చోట వల వేసేవారు. బారలు వేసి లోతు చూసుకుంటే ఇక తిరుగులేదు. ఉపగ్రహాలు కూడా కొండల్లాంటివే. కాకపోతే ఇవి కంటికి ఆనవు, చెవికి ఆనుతాయి. ‘నా దగ్గర టైము ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను’ అని ప్రతి ఉపగ్రహమూ ఎడతెగకుండా చెబుతూ ఉంటుంది. ఆ మాట ఎంత ఆలస్యంగా చేరిందో చూసి రిసీవరు దూరం కడుతుంది. చోటు తేల్చడానికి మూడు చాలవా అని కుర్రాళ్లు అడుగుతారు. నాలుగోది ఎందుకంటే, మన చేతిలోని రిసీవరు గడియారం నాసిరకం. దాని తప్పును కూడా లెక్కలోంచి తీసెయ్యాలి.

కాంతి ఒక నానోసెకనులో నడిచేది 30 సెంటీమీటర్లు. పైన గడియారం ఒక్క మైక్రోసెకను తప్పితే కింద 300 మీటర్లు తప్పుతుంది. వల చింపే రాయి పక్కన 300 మీటర్లంటే ఏమిటో మా వాళ్లను అడగండి. అందుకే ఉపగ్రహంలో రుబీడియం పరమాణు గడియారం పెడతారు. అది పోతే ఉపగ్రహం పైన తిరుగుతున్నా మా తెర మీద లేనట్టే.

ఇక లెక్క. మీకు తెలియనిది కాదు, నలుగురూ చదివే ఉత్తరం కాబట్టి రాస్తున్నాను. మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న వెళ్లింది. ఏడోది 2016 ఏప్రిల్ 28న వెళ్లినప్పుడు ప్రధాని మోదీ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టారు. ఆ సంబరం పాతబడకముందే మొదటి ఉపగ్రహంలోని మూడు గడియారాలూ పోయాయి. అవి స్విట్జర్లాండ్ నుంచి తెచ్చినవి. యూరప్ వాళ్ల నావిగేషన్ వ్యవస్థ గెలీలియోకు కూడా ఆ గడియారాలు తలనొప్పే తెచ్చాయి కాబట్టి మన ఎంపికను మాత్రమే తప్పుపట్టలేం. దాని స్థానంలోకి 2017 ఆగస్టు 31న పంపిన 1హెచ్, రాకెట్ ముందరి హీట్‌షీల్డ్ విడిపోక దాని లోపలే ఉండిపోయింది. 2018 ఏప్రిల్‌లో 1ఐ అనే ఉపగ్రహం చేరింది. 2023 మే 29న కొత్త తరం నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01 మన దేశంలో తయారైన గడియారంతో వెళ్లింది. ఆ రోజు మా దుకాణంలో టీలు నా ఖర్చే. 2025 జనవరి 29న ఎన్‌వీఎస్-02. శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం, మీరు బాధ్యత తీసుకున్నాక మొదటిది. రాకెట్ తన పని తాను చేసింది. ఆ తర్వాత ఇంధనం మండటానికి కావాల్సిన ఆక్సిడైజర్‌ను వదిలే వాల్వులు తెరుచుకోక ఉపగ్రహం పైకక్ష్యకు ఎక్కలేకపోయింది. నలభై పైసల వాషరు కోసం లక్షల బోటు పది రోజులు జెట్టీలో పడి ఉండటం చూసినవాణ్ణి, ఆ బాధ నాకు తెలుసు.

2025 జూలైలో పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం పంపినవి మొత్తం 11. చోటూ టైమూ చెబుతున్నవి 4. పని ముగించుకున్నది 1. చేరాల్సిన కక్ష్యకు చేరనివి 2. మిగిలిన 4 ఉపగ్రహాలను ఒకవైపు సందేశాలు ప్రసారం చేయడానికి వాడుతున్నారు.

ఆ ఆఖరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అసలు ఈ ఉత్తరం దాని గురించే. దానికి ముందు, అప్పటికి చోటూ టైమూ చెబుతున్న ఆ నాలుగింటి సంగతి చూద్దాం.

నాలుగంటే సరిగ్గా సరిపోయేవి. ఒక్కటి తగ్గితే నావిక్ ఒక్కదానితో చోటు తేలదు. మా హార్బర్‌లో వారం రోజుల వేటకు వెళ్లే బోటు అదనపు బ్యాటరీ లేకుండా, అదనపు బెల్టు లేకుండా జెట్టీ వదలదు. రష్యా వాళ్ల గ్లోనాస్ కథ మీకు నాకంటే బాగా తెలుసు. 1995 చివరికి 24 ఉపగ్రహాలతో ప్రపంచమంతా కమ్మేసింది. ఆ తర్వాత డబ్బు లేక కొత్తవి పంపలేదు. ఉన్నవి ముసలివైపోయాయి. 2001 వచ్చేసరికి పనిచేసేవి చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. మళ్లీ 24 కావడానికి 2011 దాకా పట్టింది. ప్రపంచమంతా విస్తరించడమంటే ప్రతి ఏడాదీ రెండో మూడో కొత్తవి పంపుతూనే ఉండాలి. పెళ్లి చేయడం కాదు, కాపురం నడపడం కష్టం. ఎన్‌వీఎస్-03, 04, 05 తర్వాత కూడా ఆగకుండా వెళ్తాయని, ఒకటి పోతే దాని బదులు వెళ్లేది సిద్ధంగా షెడ్డులో ఉంటుందని మీరు చెప్పగలిగిన రోజు విస్తరణ గురించి మాట్లాడటం నాకు సబబుగా ఉంటుంది.

విస్తరణ అనగానే చాలామంది ఇంకో నాలుగు ఉపగ్రహాలు పంపితే సరి అనుకుంటారు. మా టీ కొట్టు దగ్గర అదే చర్చ. ఒక రోజు టీ గ్లాసులు బల్ల మీద పేర్చి చూపించాను. మన ఉపగ్రహాలు ఉండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. కొన్ని భూమధ్యరేఖ మీద కదలకుండా నిలబడినట్టు ఉంటాయి. మిగిలినవి ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతూ ఆకాశంలో ఎనిమిది అంకె గీస్తుంటాయి. ఎంత ఊగినా మన ఆకాశం వదిలిపోవు. మనకు అదే లాభం, తక్కువ ఉపగ్రహాలతో పని గడిచిపోతుంది. బ్రెజిల్‌లో ఉన్నవాడికి అవి ఎప్పటికీ ఉదయించవు. అక్కడికి చేరాలంటే జీపీఎస్‌లాగా 20,000 కిలోమీటర్ల ఎత్తున రోజుకు రెండుసార్లు భూమిని చుట్టేవి కావాలి. అవి ఎవరి ఆకాశంలోనూ నిలవవు, అందరి ఆకాశాల్లోంచీ పోతుంటాయి. అందుకే రెండు డజన్లు ఉంటే గానీ ఎప్పుడు చూసినా నెత్తిమీద నాలుగు కనబడవు. గ్లాసులు చాలక మావాళ్లు బిస్కెట్లు కూడా పేర్చారు.

అంత దూరం పోకముందు మన కప్పు కిందికి ఏమేం వస్తున్నాయో చూడండి. 2020 నవంబరులో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ నావిక్‌ను గుర్తించింది. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఆ గుర్తింపు మనకే. పెద్ద ఓడలు దీన్ని నమ్ముకుని నడవొచ్చని దాని అర్థం. అందుకు గీసిన గళ్ల సరిహద్దులు సుమారుగా తూర్పు రేఖాంశం 55 నుంచి 110 దాకా, దక్షిణాన 5 డిగ్రీల నుంచి ఉత్తరాన 50 డిగ్రీల దాకా. ఆ గళ్లను మ్యాపు మీద పెన్సిలుతో గీసుకుని మనవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో వెతికాను. సింగపూర్ లోపల పడింది. దుబాయ్ సరిగ్గా గీత మీద కూర్చుంది. కోనసీమ, కడప ఆడవాళ్లు ఇళ్లలో పనికి వెళ్లే కువైట్ బయటికి పోయింది. మారిషస్ 20 డిగ్రీల దక్షిణాన ఉంది కాబట్టి అదీ బయటే.

మారిషస్ దగ్గర నా పెన్సిలు ఆగింది. పందొమ్మిదో శతాబ్దంలో మన తీరం నుంచి చెరకు తోటల్లోకి కూలీలుగా ఓడలెక్కి వెళ్లినవాళ్ల వారసులు అక్కడ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీదే మనవాళ్లను అక్కడ కోరంగీలు అని పిలిచేవారు. ఇప్పటికీ ఉగాదికి ఆ దేశంలో సెలవు. మీ సంస్థకు దశాబ్దాలుగా అక్కడ గ్రౌండ్ స్టేషన్ ఉంది. అంటే రాకెట్ ఎగిరినప్పుడు దాని కబురు మనకు వినిపించే దేశం అది. మన కబురు మాత్రం వాళ్ల పడవకు ఇంకా పూర్తిగా చేరడం లేదు. మీ పత్రాల్లో దక్షిణాన 30 డిగ్రీల దాకా, తూర్పు రేఖాంశం 30 నుంచి 130 దాకా విస్తృత సేవా ప్రాంతం అని ఒక పెద్ద గడి ఉంది. కాగితం మీద మారిషస్, కువైట్ రెండూ అందులోనే ఉన్నాయి. విస్తరణ ముందు ఆ గడిని నిజం చేయడంతో మొదలుకావాలని నా మాట. అమెరికా ఖండం మీద మన సిగ్నల్ పడితే గర్వంగానే ఉంటుంది. అక్కడివాళ్ల ఫోన్లలో ఇప్పటికే నాలుగు రకాల సిగ్నళ్లు పడుతున్నాయి, మన ఐదోది లేకపోతే ఎవరికీ దారి తప్పదు. హిందూ మహాసముద్రంలో అలా కాదు.

ఎందుకు కాదో మీ ఊరి తీరంలోనే తెలిసింది. మీరు కన్యాకుమారి జిల్లావారు. 2017 నవంబరు 30న ఓఖి తుఫాను వచ్చినప్పుడు మీ జిల్లా నుంచీ కేరళ నుంచీ వెళ్లిన బోట్లు నడిసముద్రంలో ఉన్నాయి. తుఫాను వస్తోందన్న కబురు ఒడ్డున ఉన్నవాళ్లకు అందింది గానీ లోపల ఉన్నవాళ్లకు అందే దారి లేదు. ఫోను సిగ్నల్ తీరం నుంచి కొద్ది దూరంలోనే చచ్చిపోతుంది. వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్టు ఇంకాస్త దూరం పలుకుతుంది. అక్కడి నుంచి మనిషి ఒంటరే. ఆ బోట్లలో చాలావాటికి జీపీఎస్ ఉంది. తాము ఎక్కడ ఉన్నారో వాళ్లకు మీటర్లతో సహా తెలుసు. వెనక ఏం వస్తోందో తెలియదు.

చోటు చెప్పడం ఒక్కటే నావిగేషన్ అనుకుంటే జీపీఎస్‌తో పని అయిపోయింది. ఓఖి తర్వాత హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, మీ సంస్థ కలిసి నావిక్ ఉపగ్రహాల ద్వారా తుఫాను, పెద్ద అలలు, చేపలు దొరికే చోట్ల కబుర్లు పడవకు చేరవేసే పరికరం తెచ్చాయి. బ్లూటూత్ మీద ఫోనుకు కలిపితే సందేశం తెర మీద పడుతుంది. 2019లో, విమానాల కోసం జీపీఎస్‌ను సరిదిద్దే గగన్ వ్యవస్థ ఉపగ్రహాల మీద నడిచే జెమిని పరికరం కూడా వచ్చింది. పార్లమెంటుకు చెప్పిన ఆ నాలుగు ఉపగ్రహాలు ఇప్పుడు చేస్తున్నది ఈ సందేశాల పనే. వాటిలో గడియారం ఆగింది. గొంతు ఆగలేదు. పేపర్లలో ఆ నాలుగింటినీ విఫలమైనవాటి జాబితాలో కలిపి రాస్తుంటే నాకు కోపం వస్తుంది. మా హార్బర్‌లో చూపు ఆనక సరంగు పని మానేసిన ముసలాళ్లు ఒడ్డున కూర్చుని గాలి వాలు చూసి కుర్రాళ్లను ఆపుతుంటారు. ఎవరూ వాళ్లను పనికిరానివాళ్లు అనరు.

ఇప్పుడు నా దుకాణంలోకి రండి. అలాంటి పరికరం ఒకటి ఒక కార్యక్రమంలో ఉచితంగా పంచితే మా ఎరుకలోని ఒక బోటుకు దక్కింది. ఎవరు పంచారో ఇక్కడ రాయను, వాళ్ల ఉద్దేశం మంచిదే. మూడో నెలకు అది నా బల్ల మీదికి వచ్చింది. ఛార్జింగ్ పెట్టే చోట పిన్ను ఉప్పుకు తినేసింది. ఆ పిన్ను విశాఖలో దొరకలేదు. డబ్బా మీద బాగుచేసేవాళ్ల చిరునామా లేదు. దాన్ని ఒక రోజు వైరు అతికించి ఎలాగో లేపితే సందేశం వచ్చింది, ఇంగ్లీషులో. సరంగు నా చేత చదివించుకున్నాడు. నేను లేకపోతే ఎలా అని అడిగాను. ‘రంగు చూసి తెలుసుకుంటాం’ అన్నాడు. ఎర్రగా ఉంటే వెనక్కి తిరుగుతారట. అతను చెప్పిన ఇంకో మాట నాకు ఇంకా గుర్తుంది. ‘అది చెబుతుంది, మేం చెబితే వినదు.’

ఒకవైపు ప్రసారంలో ఉన్న లోటు అదే. పడవ మునుగుతుంటే ఆ పరికరానికి చెప్పి లాభం లేదు. ఇది మీకు తెలియబట్టే 2024లో లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం 364 కోట్లతో మొదలైంది. దానిలో బోటు నుంచి తిరిగి కబురు పంపొచ్చు. మంచి పని. వాటిని బాగుచేయడం ఎవరికి నేర్పుతున్నారో కూడా చెబితే ఇంకా మంచిది. ప్రతి హార్బర్‌లో నాలాంటివాళ్లు నలుగురు ఉంటారు. మాకు డిగ్రీలు లేవు గానీ సోల్డరింగ్ ఇనుము పట్టుకోవడం వచ్చు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఏ ఉపగ్రహమూ తీర్చలేని చిక్కులు సముద్రంలో ఉన్నాయి. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లను పాకిస్థాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర ఇవతలికి అడుగుపెట్టారు. అంతకాలం కరాచీ జైల్లో ఉన్నారు. ప్లాటరు ఉంటే గీత దాటేవాళ్లు కాదు కదా అని చాలామంది అన్నారు. గుజరాత్‌కూ పాకిస్థాన్‌కూ మధ్య ఉన్న సర్ క్రీక్ పాయ దగ్గర ఆ గీత ఎక్కడుందో రెండు దేశాలూ ఇంతవరకూ తేల్చుకోలేదు. తేలని గీతను ఏ తెర చూపిస్తుంది?

గీతలు లేని కబురు ఒకటి మాత్రం ఉంది. 2004 సునామీ తర్వాత ఇన్‌కాయిస్‌లో హెచ్చరిక కేంద్రం పెట్టారు. 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేసియాలతో పాటు హిందూ మహాసముద్రపు దేశాలకు సునామీ సూచనలు ఇచ్చే బాధ్యత మన కేంద్రానిదే. సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కదిలితే హైదరాబాద్‌లో లెక్కలు కడతారు, ఆ కబురు ఎన్నో దేశాల కార్యాలయాలకు పోతుంది. కార్యాలయాల దాకా. అక్కడి నుంచి పడవ దాకా పోయే బాధ్యత ఎవరి దేశానికి వాళ్లదే. శ్రీలంక బోట్లు వారాల తరబడి నడిసముద్రంలోనే ఉంటాయి. మాల్దీవుల్లో చేపే తిండి. మడగాస్కర్ తీరంలో తెరచాప పడవలు ఇప్పటికీ వేటకు పోతాయి. ఈ మనుషులందరి నెత్తి మీదా మన ఉపగ్రహాలు ఇప్పుడే ఉన్నాయి. కబురు కట్టేది హైదరాబాద్. మోసే ఉపగ్రహాలు పైకి లేచింది శ్రీహరికోటలో. వినే డబ్బా ఒక్కటే లేదు.

కాబట్టి విస్తరణకు మీరు పెట్టే మొదటి అడుగు అది కావాలని నా కోరిక. కొలంబోలో, మాల్దీవుల మాలెలో, మారిషస్ పోర్ట్ లూయీలో అక్కడి భాషల్లో, అంటే సింహళంలో, దివేహిలో, క్రియోల్‌లో సందేశం వినిపించే చవక రిసీవరు ఇవ్వండి. ఉప్పుకు తినని పిన్నుతో ఇవ్వండి. ముందు మన హెచ్చరిక నిజమవడం వాళ్లు నాలుగు తుఫాన్లలో చూడాలి. ఆ తర్వాత చోటు చెబుతామంటే వింటారు. చైనా వాళ్లు తమ నావిగేషన్ వ్యవస్థ బైడూతో ఏం చేశారో చూడండి. 2000లో సొంత దేశానికి మొదలుపెట్టి, 2012 చివర ఆసియా పసిఫిక్‌కు, 2020లో ప్రపంచానికి వచ్చారు. ఆ మధ్యలో ఊరుకోలేదు. 2018లోనే ట్యునీసియాలో అరబ్బు దేశాలవాళ్లకు శిక్షణ కేంద్రం తెరిచారు. ఉపగ్రహాలు పూర్తికాకముందే వాడేవాళ్లను తయారు చేసుకున్నారు. వాళ్ల ఉద్దేశాల గురించి నాకు అనుమానాలు ఉన్నాయి గానీ పని వరస మాత్రం సరైనదే.

చవక రిసీవరు అన్నాను కాబట్టి ఇంకొక సంగతి. ప్రపంచంలోని ప్రతి చిన్న ఫోనూ, ప్రతి చిన్న ప్లాటరూ వినేది ఎల్1 అనే పౌనఃపున్యం మీద. మన పాత ఉపగ్రహాలు ఎల్5, ఎస్ అనే వేరే పౌనఃపున్యాల మీదే మాట్లాడేవి. అంటే అందరూ తెలుగులో మాట్లాడుకునే సంతలో మనం సంస్కృతంలో అరిచాం. ఎన్‌వీఎస్-01తో ఎల్1 మొదలైంది, ఎన్‌వీఎస్-02 దారిలో ఆగిపోయింది. 2023లో ఖరీదైన ఐఫోన్లలో కూడా నావిక్ వచ్చింది, లారీలకూ బస్సులకూ ట్రాకర్లలో 2019 నుంచే తప్పనిసరి. మా బోట్ల మీది ప్లాటర్లలో ఇప్పటికీ జీపీఎస్సే. కొత్త ఉపగ్రహాల్లో ఎల్1 లేనిది ఒక్కటి కూడా వద్దు.

మీరు పెట్టగలిగిన ఇంకో ఏర్పాటుకు పెద్ద ఖర్చు కూడా కాదు. ఈ రోజు ఏ ఉపగ్రహం బాగుంది, ఏది బాగాలేదు, రేపు ఏది కాసేపు ఆగుతుంది, ఇవి సామాన్యుడికి అర్థమయ్యే మాటల్లో రోజూ ఒకే చోట పెట్టండి. రేవులో తుఫాను జెండా ఎగరేసినట్టు. 2019 జూలైలో గెలీలియో దాదాపు వారం రోజులు పడిపోయింది. యూరప్ వాళ్లు సిగ్నల్ వాడొద్దని నోటీసు పెట్టారు, మళ్లీ లేచారు, జనం వాళ్లను వదిలెయ్యలేదు. మన నావిక్‌లో ఎన్ని పనిచేస్తున్నాయో తెలియాలంటే ఎవరో ఒక ఎంపీ ప్రశ్న అడగాలి, లేదా సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. మన సరంగులే అలా తెలుసుకోలేరు, పోర్ట్ లూయీ సరంగు ఏం తెలుసుకుంటాడు? దాని పక్కనే సిగ్నల్‌ను ఎవరికీ కావాలని చెడగొట్టం అన్న మాట కూడా రాసి, సంతకం పెట్టండి. 2000కు ముందు మా కట్టిన బోటు తెర మీద నడిచిన సంగతి గుర్తుంచుకుని అడుగుతున్నాను.

తర్వాతి ఎన్‌వీఎస్ ఎగిరే రోజున ఎప్పటిలాగే తిరుపతి, నెల్లూరు జిల్లాల తీరంలో వేటకు వెళ్లొద్దని కబురు వస్తుంది. అక్కడివాళ్లు బోట్లు కట్టేసి ఒడ్డున నిలబడి చూస్తారు. ఒక రోజు కూలి పోతుంది, ఎవరూ పెద్దగా గొణగరు. ఇక్కడ మేం టీవీలో చూస్తాం.

ఆ పరికరం ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. సరంగు ప్రతి వేట నిషేధం ముగిసేటప్పుడూ వచ్చి పిన్ను దొరికిందా అని అడుగుతాడు. అది ఎక్కడ దొరుకుతుందో మీ శాఖలో ఎవరికైనా తెలిస్తే ఒక్క కార్డు ముక్క రాయించండి. మిగతాది నేను అతికించుకుంటాను.

ఇట్లు,
విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఒక రిపేరు మెకానిక్కు